వందమ్మ నెత్తురు

"పుట్టుకతో వచ్చిన లోపం" అని రాసి డాక్టరు దాని కింద గీత గీశాడు. గీత వంకరపోయిందేమోనని కాగితాన్ని కాస్త ఎత్తి చూసుకున్నాడు కూడా. ఎదురుగా నిలబడ్డ వందమ్మకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా పురుగుమందు సీసాలకు మూతలు బిగిస్తున్న గోలక్కను ఒక్క ముక్కతో గేటు దాటిస్తూ, గీత తిన్నగా వచ్చిందా లేదా అని చూసుకుంటాడా ఈయన?

"ఇక్కడ నీ సంతకం కూడా పెట్టు. అంకెలు నీవే కదా," అన్నాడు డాక్టరు.

అంకెలు తనవే. ఆ ఫ్యాక్టరీలో నెత్తురు పరీక్ష చేసే టెక్నీషియన్ ఆమె ఒక్కతే. షెడ్డులో పనిచేసే నలభై ఒక్క మందికీ నెలకోసారి నెత్తురు తీసి, అందులో ఒక ఎంజైమ్ ఎంత ఉందో కొలుస్తుంది. పురుగుమందు ఒంట్లోకి చేరితే ముందుగా ఆ ఎంజైమ్‌నే పట్టుకుంటుంది, పని చేయనివ్వదు. అది ఎంత తగ్గితే మందు అంత లోపలికి పోయినట్టు లెక్క. బాగున్నవాళ్లది వంద అనుకుంటే, డెబ్బైకి తగ్గిన మనిషిని షెడ్డు నుంచి తప్పించాలి, జీతం ఆపకుండా విశ్రాంతి ఇవ్వాలి. ఈ నియమాన్ని అద్దాల ఫ్రేములో పెట్టి మరీ గోడకు తగిలించారు. మూతలు బిగించే గోలక్కకు ఈ నెల వచ్చిన అంకె యాభై ఎనిమిది.

"డెబ్బైకి తగ్గితే విశ్రాంతి ఇవ్వాలి కదండీ," అంది వందమ్మ గోడకేసి చూస్తూ.

"అది మందు వల్ల తగ్గినవాళ్లకి. ఈమెకి జన్యువులోనే ఉంది లోపం. ఈ ఎంజైమ్ ఎలా తయారు చెయ్యాలో లివర్‌కి చెప్పే జన్యువు ఒకటుంది, బీసీహెచ్ఈ అని. కొందరికి అది పుట్టుకతోనే తేడాగా ఉంటుంది. ఆపరేషన్ అప్పుడు కండరాలు సడలడానికి ఇంజెక్షన్ ఇస్తే అలాంటివాళ్లకి ఊపిరి తిరిగి రావడానికి గంటలు పడుతుంది. పుస్తకాల్లో ఉన్న విషయమే."

"మరి ఈవిడకి ఆ జన్యువు పరీక్ష చేయించారా అండీ?"

"పరీక్ష దేనికి? అదే షెడ్డు, అదే గాలి. నలభై మందికి ఎనభైలూ తొంభైలూ ఉంటే ఈమె ఒక్కదానికే యాభై ఎనిమిది ఎందుకుంటుంది? చిన్నపిల్లలైనా చెప్తారు."

ఆ మాట వందమ్మను ఇంకా మండించింది.

"చేరినప్పుడు తొంభై రెండు ఉందండీ. పుట్టుకతో తక్కువైతే అప్పుడూ తక్కువే ఉండాలి కదా."

"మెషీన్‌లో అప్పటి బల్బు వేరు, ఇప్పటి బల్బు వేరు," అన్నాడు డాక్టరు కలం మూత పెట్టేస్తూ. "శుక్రవారం వస్తాను. ఈలోగా సంతకం పెట్టి ఉంచు. ఆ, ఆమె కూతుర్ని స్టోర్స్‌లోకి తీసుకుంటామన్నారుగా, అది కూడా ఆపేయమని మేనేజరుకి చెప్పాను. తల్లికి ఉంటే పిల్లకీ ఉంటుంది. మనకెందుకొచ్చిన గొడవ?"

వందమ్మ కాగితం తీసి జేబులో పెట్టుకుంది, సంతకం మాత్రం పెట్టలేదు. "పోనీ మీ నెత్తురు ఒక సీసాడు ఇవ్వండి డాక్టరుగారూ. నాదానితోనే కాకుండా మీదానితో కూడా పోల్చి చూస్తాను."

డాక్టరు చొక్కా చేతుల్ని మణికట్టు దాకా లాక్కున్నాడు. "నాకు సూదులంటే పడదు. నీది వంద ఉందిగా, చాల్లే."

వందమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, షెడ్డువాళ్లు పెట్టింది. తొమ్మిదేళ్ల కిందట ఆమె ఉద్యోగంలో చేరిన రోజున, పోల్చి చూసుకోవడానికి రావాల్సిన కంట్రోల్ సీరం రాలేదు. మంచి నెత్తురు ఎలా ఉంటుందో ఒకటి పక్కన లేనిదే పరీక్ష సాగదు. అప్పటికి ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఒంట్లో ఏ జబ్బూ లేదు. తన చేతికి తానే సూది గుచ్చుకుని ఆ నెత్తురును వంద అనుకుని మొదలుపెట్టింది. కంట్రోల్ సీరం ఆ నెలా రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అడగడం ఆమె మానేసింది, పంపడం వాళ్లు ఎప్పుడూ మొదలుపెట్టలేదు. నెలనెలా తన నెత్తురు వంద, మిగతావాళ్లది అందులో ఇంత. "నువ్వు వంద, మేం ఎనభైయా? ఏం తింటావు తల్లీ?" అని నవ్వేవాళ్లు. చివరికి మేనేజరు కూడా వందమ్మా అనే పిలిచాడు. నిజం చెప్పాలంటే ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే.

*

బుధవారం పొద్దున గోలక్క వస్తోందంటే ల్యాబులోకి ముందు ఆమె గొంతు వచ్చింది.

"నాకు లోపమంట! మా అమ్మ ఎనభై ఏళ్లు బతికింది. పోయేరోజు కూడా నన్ను తిట్టి పోయింది. ఎక్కడే లోపం?"

"కూర్చో అక్కా."

"కూర్చోను. నాకు రెండు ఆపరేషన్లయ్యాయి. ఊపిరాగిపోతుందంట! రెండోసారి కళ్లు తెరవగానే నర్సుని టీ అడిగాను నేను. రాసుకో, కావాలంటే."

ల్యాబంటే షెడ్డులోనే ఒక మూల చెక్క అడ్డంపెట్టి కట్టిన గది. కిటికీ అవతల మందు కలిపే తొట్టి, దాని పక్కన గాలిని బయటికి తోసే ఫ్యాను. బయటికి తోస్తుందని కాగితం మీద ఉంది కానీ సగం గాలి కిటికీలోంచి లోపలికే వస్తుంది. గోలక్క ముక్కాలి పీట మీద కూలబడి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. వేళ్ల చివర్లు పొట్టులేచి ఎర్రగా ఉన్నాయి.

"గ్లౌజులు వేసుకోవా అక్కా?"

"వేసుకుంటే మూత జారుతుంది. మూత జారితే సీసా కారుతుంది. సీసా కారితే సూపర్‌వైజరు నా మీద కారతాడు. గంటకి నాలుగొందల మూతలు, గ్లౌజులతో నువ్వు బిగించి చూపించు." గొంతు కాస్త తగ్గింది. "నా సంగతి పోనీయవే. ఎక్కడో ఒక చోట గిన్నెలు తోముకుని బతుకుతాను. పిల్లని కూడా రావద్దన్నారు. పిల్ల ఏం చేసింది? రేపు ఇంకో చోటికి వెళ్తే, మీ అమ్మని ఎందుకు తీసేశారని అడుగుతారు. నెత్తురులోనే లోపముందట అని చెప్పాలా అది?"

వందమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, నరం వెతికి, సూది గుచ్చింది. నెత్తురు సీసాలోకి మెల్లగా దిగింది. గోలక్క తల పక్కకు తిప్పుకుని, "నీ సంతకంతోనే పోతానంట కదా," అంది. అన్నది మెల్లగానే అయినా, మామూలుగా అరిచే మాటలకంటే ఆ మాటే వందమ్మకు గట్టిగా తగిలింది.

మధ్యాహ్నం ఆమె తనకు పని నేర్పిన పెద్ద మేడానికి ఫోన్ చేసింది. ఆవిడ ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి. సంగతంతా విని, "వాడు డాక్టరా, జోస్యుడా?" అంది. "జన్యువులో తేడా ఉందో లేదో తేల్చడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. డైబుకెయిన్ అని మొద్దుబారడానికి వాడే మందుంది. మంచి ఎంజైమ్ మీద అది వేస్తే నూటికి ఎనభై పాళ్లు పని ఆగిపోతుంది. పుట్టుకతో తేడా ఉన్న ఎంజైమ్‌ని అది పెద్దగా కదిలించలేదు, ఇరవై పాళ్లు కూడా ఆగదు. పురుగుమందు వల్ల తగ్గినదనుకో, ఎంత మిగిలిందో అందులో మళ్లీ ఎనభై పాళ్లు ఆగుతుంది. అర్థమైందా?"

"అయింది మేడం."

"సాయంత్రం వచ్చి మందు తీసుకెళ్లు. ఇంకో మాట. పక్కన పోల్చడానికి బయటివాళ్ల నెత్తురు పెట్టు. మీ గేటు కూడా తొక్కనివాళ్లది. ఫ్యాక్టరీలో ఎవరిదీ వద్దు."

"నాది పెట్టుకుంటాను కదండీ ఎప్పుడూ."

"నువ్వు గేటు తొక్కవా?" అంది పెద్ద మేడం.

*

వందమ్మ మామగారికి కళ్లజోళ్ల కొట్టుంది. కొట్టు ఇంటికి ముందుగదిలోనే. సాయంత్రం కోడలు మందు సీసా పట్టుకుని వచ్చేసరికి ఆయన టైలరమ్మ జోడుకు చిన్న స్క్రూ బిగిస్తున్నాడు. టైలరమ్మ పక్కవాటాలో మిషను కుడుతుంది, జోడు వారానికోసారి విరగ్గొట్టుకుంటుంది.

"రేపు పొద్దున మీ ఇద్దరి నెత్తురు కావాలి మామయ్యా," అంది వందమ్మ.

"ఇన్నాళ్లకి బయటపడ్డావు," అన్నాడు మామగారు తలెత్తకుండానే. "కోడళ్లు నెత్తురు తాగుతారని విన్నాను కానీ, ఇలా ముందుగా చెప్పి తాగుతారనుకోలేదు."

టైలరమ్మ నవ్వి, "నాది తీసుకో తల్లీ. సూదులు నాకు కొత్తా?" అంది.

వందమ్మ విషయం చెప్పింది. చెప్తుంటే మామగారు స్క్రూ వదిలేసి ఆమె మొహంలోకే చూశాడు. చెయ్యి పట్టి అద్దాల షోకేసు దగ్గర లైటు కిందికి లాక్కెళ్లాడు, మళ్లీ అక్కణ్ణుంచి చీకటిగా ఉన్న గుమ్మం వైపు నడిపించి, వంగి కళ్లలోకి చూశాడు.

"రెండేళ్లలో నీకు మూడుసార్లు అద్దాలు మార్చాను. సాయంత్రమైతే మసగ్గా ఉంటుందంటావు. అద్దాల్లో ఏ తప్పూ లేదు. చీకట్లోకి వస్తే ఎవరి కంటిపాపైనా విచ్చుకోవాలమ్మా. నీది గుండుసూది తలకాయంతే ఉంటోంది. అడుగుదామనుకుంటూనే ఉన్నాను."

"పనిలో కళ్లు అలిసిపోతాయిలెండి."

"టైలరమ్మ కళ్లూ అలిసిపోతాయి. ఆవిడ పాపలు చూడు, పావలాకాసులు."

వందమ్మ ఆ మాటను అప్పటికి అక్కడే వదిలేసింది. ఆమె మనసంతా గోలక్క సీసా మీదే ఉంది.

*

గురువారం పదిగంటలకు పరీక్ష మొదలుపెట్టింది. పరీక్షంటే రంగు చూడటమే. గాజు గొట్టంలో ద్రావకం తీసుకుని, నెత్తురులోంచి తేరిన సీరం చుక్క వెయ్యాలి. ఎంజైమ్ పనిచేస్తే ద్రావకం మెల్లగా పసుపు తిరుగుతుంది. ఎంత తొందరగా తిరిగితే ఎంజైమ్ అంత బాగున్నట్టు. నిమిషానికి ఎంత పసుపు చిక్కబడిందో మెషీన్ అంకెల్లో చూపిస్తుంది. ఒక్కొక్కరికి రెండు గొట్టాలు, ఒకటి మామూలుది, ఒకటి డైబుకెయిన్ కలిపింది.

ముందు గోలక్కది పెట్టింది. మామూలు గొట్టం బద్ధకంగా లేత పసుపు తిరిగింది. డైబుకెయిన్ వేసిన గొట్టం దాదాపు నీళ్లలాగే ఉండిపోయింది. లెక్కేసింది. నూటికి డెబ్బై తొమ్మిది పాళ్లు ఆగింది.

మళ్లీ చేసింది. ఎనభై.

జన్యువు నిక్షేపంలా ఉంది. గోలక్క లివర్ తయారుచేసిన ఎంజైమ్ మంచిదే. దాన్ని పాడుచేసింది ఈ షెడ్డు. వందమ్మకు గట్టిగా అరవాలనిపించింది. చిన్నపిల్లలైనా చెప్తారట! ఆ గీత గీసిన చేతిని పట్టుకొచ్చి ఈ గొట్టం ముందు పెట్టాలనిపించింది.

తర్వాత టైలరమ్మది పెట్టింది. చుక్క పడీ పడగానే గొట్టం చిక్కటి పసుపు అయిపోయింది. సీరం ఎక్కువ పడిందేమోనని పారబోసి, చుక్కలు వేసే పిపెట్ మార్చి మళ్లీ చేసింది. మళ్లీ అంతే. మామగారిది కూడా అంతే. అరవై ఎనిమిదేళ్ల మనిషి నెత్తురు గొట్టంలో ఉరకలేస్తోంది. తన వందతో పోల్చి లెక్కేస్తే టైలరమ్మకు నూట అరవై ఏడు, మామగారికి నూట అరవై మూడు వచ్చాయి.

మెషీన్ చెడిందనుకుంది. బల్బు తుడిచింది. ద్రావకం కొత్తది కలిపింది. తన నెత్తురు మళ్లీ తీసుకుని పెట్టింది. తన గొట్టం ఎప్పటిలాగే మెల్లగా, మర్యాదగా పసుపు తిరిగింది. తొమ్మిదేళ్లుగా చూస్తున్న పసుపే. దాని పక్కన మామగారి గొట్టం పెట్టి కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకుంది.

ఒకే నిమిషం, ఒకే ద్రావకం. ఒకటి చిక్కటి పసుపు, ఒకటి వెలిసిపోయిన పసుపు.

చేతిలో గొట్టాలు అలాగే ఉండిపోయాయి. కిటికీ అవతల ఫ్యాను తిరుగుతోంది. తర్వాత ఆమె బీరువా అడుగు అరలోంచి మొదటి రిజిస్టర్ తీసింది. మొదట్లో మెషీన్ చూపిన అసలు అంకెలు కూడా రాసేది. రెండో ఏడు నుంచి ఆ గడి వదిలేసి, నూటికి ఇంత అని మాత్రమే రాస్తూ వచ్చింది. ఎలాగూ తను వందే కదా అని. మొదటి పేజీ మొదటి వరుసలో తన గుండ్రటి చేతిరాతతో తన పేరు. దాని ఎదుట ఉన్న అంకె ఇవాళ మామగారికి వచ్చిన అంకెకు అటూ ఇటుగా ఉంది. తనకు ఇవాళ వచ్చింది అందులో నూటికి అరవై పాళ్లు.

ఆమె గోలక్క కూర్చున్న ముక్కాలి పీట మీదే కూర్చుంది. మామగారు చూసిన కంటిపాపలు, సాయంత్రపు మసక, ముక్కు కారడం, కడుపులో ఉన్నట్టుండి వచ్చే మెలి, అన్నీ మందు ఒంట్లోకి చేరిన గుర్తులేనని ఒక్కసారిగా తట్టింది. కానీ తనకోసం భయపడటానికి ఆమెకు తీరిక దొరకలేదు. వంద అన్నదే అరవై అయితే, ఆ అరవైలో తొంభై వచ్చినవాడిది ఎంత? ఎనభై వచ్చినవాడిది ఎంత? వాళ్లు దిగజారుతుంటే పక్కనే తనూ దిగజారింది. పక్కపక్కన దిగుతున్నవాళ్లకు ఎంత దిగామో ఎలా తెలుస్తుంది? నలభై మంది బాగున్నారని డాక్టరు చూపించిన సాక్ష్యం తన నెత్తురే. గోలక్క మెడకు బిగించిన ఉచ్చు తను పేనిందే. ఎవరో ఒక సీసా కంట్రోల్ సీరం తెప్పించలేదు. తెప్పించలేదేమని తను గట్టిగా అడగలేదు. దానికి మూల్యం తొమ్మిదేళ్లు, నలభై ఒక్క మంది.

కన్నీళ్లు రాలేదు, కోపం వచ్చింది. సగం వాళ్ల మీద, సగం తన మీద. ఆమె కొత్త కాగితం తీసి గడులు గీయడం మొదలుపెట్టింది.

*

నెలకోసారి అంకెల జాబితా షెడ్డు గుమ్మం పక్క బోర్డుకు అంటించడం ఆనవాయితీ. ఎవరూ ఆపరు, పెద్దగా ఎవరూ చదవరు. శుక్రవారం పొద్దున షిఫ్టు మారే వేళకు వందమ్మ పాత జాబితా చింపి కొత్తది అంటించింది. పైన మొదటి వరుసలో "ల్యాబ్ టెక్నీషియన్: 61" అని రాసింది. దాని కింద నలభై ఒక్క వరుసలు. వాటిలో అందరికంటే పై అంకె యాభై తొమ్మిది, అందరికంటే కింది అంకె గోలక్కది, ముప్పై ఐదు. ఆఖరున ఒక వాక్యం రాసింది. ఎవరి జన్యువు సంగతీ ఎవరూ ఊహించి రాయకూడదని, గోలక్కకు పరీక్ష చేస్తే జన్యువు మంచిదేనని తేలిందని.

మందు కలిపే తాత అందరికంటే ముందు చదివాడు. తనది నలభై తొమ్మిది. వెనక్కి తిరిగి వందమ్మను చూశాడు.

"పోయిన నెల ఎనభై అన్నావు కదమ్మా."

"అన్నాను."

"తొమ్మిదేళ్లు నీకేం కాలేదు పోరా అని కాగితం పెట్టావు. చేతులు వణుకుతున్నాయంటే వయసన్నారు. నేనూ నమ్మాను."

"నేను పెట్టిందే తాతా. నా నెత్తురు కూడా పాడైందని నాకు తెలీలేదు. తెలుసుకోవాల్సింది నేనే."

చుట్టూ జనం మూగారు. ఎవరి అంకె వాళ్లు వేలు పెట్టి వెతుక్కుంటున్నారు. ఒకరిద్దరు ఆమెను తిట్టారు. ఆమె తల దించుకోలేదు. తిట్టాల్సిందే అనుకుంది.

మేనేజరూ డాక్టరూ ఆ గోలకు పరుగున వచ్చారు. మేనేజరు బోర్డు చూసి, "ఎవరు అంటించమన్నారు?" అన్నాడు.

"ప్రతి నెలా నేనే అంటిస్తాను కదండీ."

డాక్టరు జాబితా పైనుంచి కింది దాకా చదివి ఎర్రబడ్డాడు. "ఎవరితో పోల్చావు?"

"మా మామయ్యతో, మా పక్కింటి టైలరమ్మతో. వాళ్లు ఈ గేటు తొక్కలేదు. మొదటి రిజిస్టర్ కూడా ఉంది, చూడండి."

"కళ్లజోళ్లవాడి నెత్తురు పట్టుకొచ్చి ఫ్యాక్టరీ మూయిస్తావా? ఇలాగైతే అందర్నీ బయటికి పంపాలి. నిన్ను కూడా!"

"అవునండీ. డెబ్బైకి తగ్గితే తప్పించాలని మీ గోడ మీదే ఉంది." వందమ్మ తెల్ల కోటు విప్పి, ల్యాబు తలుపు కొక్కేనికి తగిలించింది. దాని జేబులోంచి డాక్టరు రాసిన కాగితం తీసి, సంతకం లేకుండానే ఆయన చేతిలో పెట్టింది. తర్వాత వెళ్లి షెడ్డు బయట బల్ల మీద, గోలక్క పక్కన కూర్చుంది.

లోపలి షిఫ్టువాళ్లు బయటికి వచ్చారు. బయటి షిఫ్టువాళ్లు లోపలికి పోలేదు. తాత తొట్టి దగ్గర స్విచ్ ఆపి వచ్చాడు. ఫ్యాను ఆగింది.

గోలక్క ఆమె వైపు జరిగి కూర్చుంది. "అయితే నా పిల్లకేం లేదు," అంది.

"ఏమీ లేదక్కా. నీకూ లేదు."

గోలక్క ముక్కు చీది, పమిటతో తుడుచుకుంది. "నువ్వు వంద కాదా ఐతే?"

"చేరినరోజు ఉన్నాను."

"మేమూ అంతేలే," అంది గోలక్క.

మేనేజరు ఫోన్లో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. డాక్టరు గుమ్మంలోనే నిలబడి జాబితా వంకా జనం వంకా చూశాడు. "సరే, సరే. మళ్లీ పరీక్ష చేయిద్దాం. అందరికీ. పద్ధతి ప్రకారం. ఈ అంకెలు నమ్మడానికి లేదు. పోల్చడానికి సరైన నెత్తురు ఒకటి కావాలి ముందు," అన్నాడు.

గోలక్క లేచింది. ల్యాబులోకి పోయి, చేతికి బిగించే రబ్బరు పట్టీ తెచ్చింది. పొట్టులేచిన వేళ్లతో దాన్ని సాగదీస్తూ తిన్నగా డాక్టరు ముందుకు వచ్చి నిలబడింది.

"చొక్కా చెయ్యి పైకి మడవండి డాక్టరుగారూ," అంది.